ఏడు మెట్ల అల

హోమా బే రేవు పక్కన, రేకుల షెడ్డులో
కాలు విరిగిన స్టూలు మీద కూర్చుని
నేనొక అలని కడుతున్నాను.

మెట్లతో.

పైన పలకలు పగలంతా ఎండ తాగి
బ్యాటరీల్లోకి దింపుతాయి.
బ్యాటరీకి అల తెలీదు.
దానికి వచ్చిన నడక ఒకటే, తిన్నగా పోవడం.
మోటారేమో ఊపితే తప్ప ఊరుకోని పసిది.

మొదటిసారి రెండే మెట్లు పెట్టాను,
పైనొకటి, కిందొకటి.
మనిషిని గోడెక్కించి అట్నించటే తోసేసినట్టు.
మోటారు గుర్రుమంది. బేరింగులు కాగాయి.
మర్నాడు ఓ స్విచ్ టపాకాయలా పేలి
నా కనుబొమ్మ సగం పట్టుకుపోయింది.
ఒడ్డున ఒమేనా చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళు
వాసన వెంట వచ్చి తొంగిచూశారు,
"ఏం మాడ్చావే, అపోండీ?"

ఇప్పుడు ఫేజుకి మూడు బ్యాటరీలు,
మూడు చిన్న వంతెనలు,
ఒకదాని భుజమ్మీద ఒకటి.
పైకి మూడు, కిందికి మూడు,
నడుమ సున్నా.
పనంతా ఒకదాని నెత్తినే పడితే అది ముందు చతికిలబడుతుంది.
అందుకే వంతులు మారుస్తుంటాను,
తెడ్డు కాడ కుర్రాళ్ళని మార్చినట్టు.
దగ్గరకొచ్చి చూస్తే ప్రతి మెట్టూ అబద్ధమే,
అంచులు గీసుకుపోతాయి.
నాలుగడుగులు వెనక్కి జరిగితే
ఆసిలోస్కోపు తెరమీద
ఇంచుమించు నీళ్ళే.

వంతెన కాలొక్కింటికి రెండు స్విచ్‌లు.
రెండూ ఒక్కసారి మేలుకున్నాయా, బూడిదే.
ఒకటి నిద్రపోయాక, రెండోది లేచేముందు
మైక్రోసెకనులో సగం
ఎవరూ లేని ఖాళీ వదలాలి.
పాఠం దాన్ని మృతకాలమంది.

నేనూ ఓదెరో అలాగే బతుకుతాం.
వెన్నెల లేని రాత్రుళ్ళు అతను దీపాలేసుకుని సరస్సు మీద,
పగళ్ళు నేను షెడ్డులో.
తెల్లారగట్ల అతను వల దులిపి వచ్చాక
నేను చెప్పులేసుకునే ముందు
ఒక అరగంట,
ఒకే చాప మీద ఇద్దరం కళ్ళు మూసుకుంటాం.
దాన్ని మృతకాలం అనడానికి
నాకు నోరు రాదు.

ఇదివరకటి పెట్రోలు ఇంజను
రాళ్ళ మలుపు తిరుగుతూనే దగ్గేది.
ఆ దగ్గుకి లేచి టీ నీళ్ళు పెట్టేదాన్ని.

ఏడు మెట్ల పడవ వెళ్ళొచ్చిన మొదటి రాత్రి
రెల్లులో కొంగ కూడా లేవలేదు.
కళ్ళు తెరిస్తే గుమ్మంలో తడికాళ్ళతో ఓదెరో,
"నీ పడవకి నోరు లేదు."
మా అరగంటలో పావుగంట అప్పటికే అయిపోయింది.

పోయిన వారం నైరోబీ నుంచి కిప్రోనో ఫోను:
"గ్రాఫు అద్దంలా ఉంది, అపోండీ.
వేగం తగ్గినచోట ఈ గరగరేంటి?"
వేగం తగ్గితే అల పొట్టిదవుతుంది,
పైమెట్లతో పనుండదు,
మూడింటితోనే సరిపెట్టుకుంటుంది, అన్నాను.
అదంతా నిజం.
అక్కడ స్విచ్‌ల పరుగుని
చెవికి అందేంత కిందికి దించింది నేనేనని
చెప్పలేదు.
"దిద్దమంటారా?"
అవతల కాగితం తిరిగిన చప్పుడు.
"వచ్చే వెర్షనులో చూద్దాం."

ఇవాళ నాలుగున్నరకి, ఇంకా చీకటే,
రెల్లు అవతల
ముక్కుతో కూనిరాగం తీసినట్టు సన్నగా జుమ్మని.
నీళ్ళు పొయ్యెక్కించి బయటికొచ్చాను.
ఒగుటు వాళ్ళ పడవ.
మూడు పడవలకీ ఒకే గొంతు ఇచ్చానని
అప్పుడు తట్టింది.

లోపల నీళ్ళు మరుగుతున్నాయి.
మంట తగ్గించి
గుమ్మంలోనే నిలబడ్డాను,
చెవి సరస్సు వైపు పెట్టి.